ఊఁ అన్నది ఎవరికి?



ఎప్పటిలాగే ముందు ఒక మాట చెప్పుకుంటాను. నేను బడిలో చదివింది తమిళంలో. తెలుగు మా ఇంట్లో నోటి భాష, చేతి భాష కాదు. రైల్వేలో రిటైరు కావడానికి రెండేళ్ళ ముందు, 58వ ఏట, మన సంఘం ఆదివారం తరగతిలో చిన్న పిల్లల పక్కన కూర్చుని అ ఆ లు దిద్దినవాణ్ణి. గ ఉండాల్సిన చోట క, ద ఉండాల్సిన చోట త పడితే తమిళ బడి అలవాటు అనుకుని సర్దుకోండి. పోయిన సారి ఒక పెద్దాయన నా తప్పులన్నీ ఎర్ర రంగుతో గీసి నాకు విడిగా పంపారు. ఆయనకు కోపం లేదు, ప్రేమే. ఈ సారి కూడా పంపండి అయ్యా.

ఇప్పుడు రాసేది ఫోను గురించి. ఫోనులో చదువుతున్న మీకు ఫోనులో రాస్తున్న నేను ఫోను తగ్గించండి అని చెప్పడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా ఆవిడ ముందే నవ్వేసింది. అయినా చెప్పాలి. ఎందుకంటే ఇది నాకు ఉపన్యాసం కాదు, ఒక నష్టం.

పోయిన ఏడాది దసరా సెలవులకు మా పెద్దక్క తిరుపత్తూరు నుంచి సేలం వచ్చి మా ఇంట్లో పది రోజులు ఉంది. ఆమెకు 78 ఏళ్ళు. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలుగు తెలిసిన మనిషి ఆమే. బడికి పోయింది అయిదో క్లాసు వరకే, అదీ తమిళంలో. కానీ నోరు తెరిస్తే మా అవ్వ మాట్లాడినట్టే ఉంటుంది. ‘సాయంత్రం’ అనదు, ‘మాపటేళ’ అంటుంది. బావిలో నీళ్ళు తోడేదాన్ని ‘చేద’ అంటుంది. మా ఇళ్ళలో ఇప్పుడు బావీ లేదు, చేదా లేదు, ఆ మాటకు పని లేదు. ఆమె నోట్లో మాత్రం అన్నీ ఉన్నాయి.

మూడో రోజో నాలుగో రోజో, దీపం పెట్టిన తర్వాత, అక్క హాల్లో కింద కూర్చుని కాళ్ళు చాపుకుని చెప్పుకుంటూ పోతోంది. మన తాత ముత్తాతలు కింది నుంచి ఎట్లా వచ్చారు, ఎడ్లబండి మీద ఇంటి దేవుణ్ణి ఎట్లా తెచ్చుకున్నారు, ముందు ఏ ఊళ్ళో ఆగారు. అవ్వ చెప్పిన కథ. నేను ఆమెకు నాలుగడుగుల దూరంలో కుర్చీలో ఉన్నాను. చేతిలో ఫోను. ఏం చేస్తున్నానో తెలుసా? మన సంఘం గుంపులో వాదం నడుస్తోంది, మీకూ గుర్తుండాలి. మన వాళ్ళు మదురకు విశ్వనాథ నాయకుడి కాలంలో, అంటే 1529 తర్వాత, వచ్చారా, అంతకు ముందే వచ్చారా అని. నేను ‘తర్వాతే’ పక్షం. ఒక తమ్ముడు ‘ముందే’ పక్షం. వేలు నొప్పి పుట్టేదాకా టైపు చేస్తున్నాను. అక్క చెప్పేదానికి మధ్య మధ్య ఊఁ, ఊఁ అంటున్నాను.

ఒక చోట ఆమె ఆగింది. “ఏమిరా, నువ్వు ఊఁ అంటా ఉండేది నాకా, ఆ పెట్టెకా?” అంది.

“నీకేలే అక్కా, చెప్పు” అన్నాను. తల ఎత్తలేదు.

ఆమె చెప్పింది. మన ఇంటి దేవుడి గుడి ఏ ఊళ్ళో ఉందో ఆ ఊరి పేరు చెప్పింది. నా చెవిలో చివర ‘పాడు’ అన్నది ఒక్కటే పడింది. తొమ్మిదేళ్ళ మా మనవరాలు అక్కడే సోఫాలో ఉంది. అది చెవుల్లో పెట్టుకుని ఏదో వీడియో చూస్తోంది. దానికి అదీ వినబడలేదు. అలా చెవుల్లో పెట్టుకుని కూర్చోవడం ఆ పిల్లకు నేర్పింది ఎవరు? పొద్దున లేచి నడకకు పోయేటప్పుడు నేను పెట్టుకునేదే అది చూసింది.

సంక్రాంతి అయిన వారానికి అక్కకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట. చెయ్యి కాలు కొంచెం తిరిగి వచ్చాయి. మాట రాలేదు. మనం చెప్పేది అంతా అర్థమవుతుంది, కళ్ళలో తెలుస్తుంది. చెప్పాలని నోరు కదుపుతుంది, మాట అందదు. డాక్టరు చెప్పారు, మెదడులో ఎడమ పక్క దెబ్బ తింటే చాలామందికి ఇలా అవుతుందట, మాట ప్రాక్టీసు చేయిస్తూ ఉండాలట. ఆమె ఇద్దరు కొడుకుల్ని అడిగాను. ఒకడు హోసూరు, ఒకడు బెంగళూరు. ఇద్దరికీ ఆ ఊరి పేరు తెలీదు. “అమ్మ చెప్పేది మామా, మేం పట్టించుకోలేదు” అన్నారు. వాళ్ళను ఏమనగలను?

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని మళ్ళీ ఫోనే తీశాను. అలవాటు అంటే అదే. అప్పుడు మా అల్లుడు ఒకసారి చూపించిన చోటికి పోయి చూశాను. సెట్టింగులలో ‘డిజిటల్ వెల్‌బీయింగ్’ అని ఉంటుంది. రోజుకు ఎంతసేపు చూశాం, ఎన్నిసార్లు తెరిచాం అని లెక్క చూపిస్తుంది. నా లెక్క రోజుకు సగటున 5 గంటల 40 నిమిషాలు. తెరిచింది 112 సార్లు.

నేను జీవితమంతా లెక్క అప్పగించిన మనిషిని. కౌంటరు మూసేటప్పుడు ఒక్క రూపాయి తేడా వచ్చినా ఇంటికి పోని ఉద్యోగం. కాబట్టి కాగితం మీద లెక్క కట్టాను. రోజుకు 5 గంటల 40 నిమిషాలంటే 30 రోజులకు 170 గంటలు. ఎనిమిది గంటల డ్యూటీగా చూస్తే 21 డ్యూటీలు. అంటే రిటైరైన తర్వాత కూడా నెల నెలా దాదాపు పూర్తి ఉద్యోగం చేస్తున్నాను, జీతం లేకుండా, ఎవరి కోసమో తెలియకుండా. మెలకువగా ఉండే 16 గంటల్లో 112 సార్లు అంటే ఎనిమిదిన్నర నిమిషాలకు ఒకసారి. బస్టాండులో టౌను బస్సు కూడా అంత తరచుగా రాదు.

మీరు కూడా ఈ లెక్క చూసుకోండి. ఎవరికీ చెప్పనక్కర్లేదు. చూసుకోండి చాలు.

ఇది ఎందుకు ఇలా పట్టుకుంటుంది అని నేను చాలా ఆలోచించాను. మన తమిళనాట 2003లో లాటరీ నిషేధించారు, గుర్తుందా? అంతకు ముందు స్టేషను బయట లాటరీ టికెట్ల బల్లలు. మా దగ్గర ఒక పోర్టరు ఉండేవాడు. కూలి డబ్బు చేతికి రాగానే నేరుగా అక్కడికి పోయేవాడు. ఎప్పుడో ఒకసారి వంద రూపాయలు తగిలేది. ఆ వంద కోసం సంవత్సరమంతా పోగొట్టేవాడు. రోజూ తగిలితే విసుగొచ్చి మానేసేవాడేమో, ఎప్పుడూ తగలకపోయినా మానేసేవాడు. ఎప్పుడో ఒకసారి తగలడంలోనే ఉంది మర్మమంతా. స్కిన్నర్ అనే అమెరికా శాస్త్రవేత్త పావురాలతో ఇదే చూశాడు. ముక్కుతో పొడిస్తే ఎప్పుడు గింజ పడుతుందో తెలియనప్పుడు పావురం ఆపకుండా పొడుస్తూనే ఉంటుంది. ఫోను తెర కిందికి లాగి వదిలినప్పుడు మన చెయ్యి చేసేది అదే పని. పది చెత్త తర్వాత ఒక మంచిది వస్తుంది. ఆ ఒక్కటి కోసం ఇంకో పది.

రెండోది, దానికి చివర లేదు. పేపరుకు చివరి పేజీ ఉండేది. దూరదర్శన్‌లో రాత్రి ప్రసారం ఆగిపోయేది. కథల పుస్తకానికి అట్ట ఉండేది. వేలితో తోస్తూ ఉంటే అంతం లేకుండా వస్తూనే ఉండే ఈ పద్ధతిని 2006లో ఆజా రాస్కిన్ అనే ఆయన తయారు చేశాడు. తర్వాత ఆయనే, ఇలా చేసి ఉండకూడదని బాధపడ్డాడు. నా ఉద్యోగంలో ఎంత దూరం పోయే బండికైనా ఒక చివరి స్టేషను ఉండేది. అక్కడ అందరూ దిగాలి, పెట్టెలు కడగాలి, ఇంజను మార్చాలి. ఈ బండిలో దిగండి అని చెప్పేవాడు లేడు.

రైల్వే మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఇంజను మీద లోకో పైలట్లు ఫోను ఆపి ఉంచాలి. అది రూలు. వాళ్ళు మంచివాళ్ళు కాదని కాదు, మనిషి బలం మీద అంత పెద్ద పని వదలకూడదని. 2008 సెప్టెంబరులో అమెరికాలో, కాలిఫోర్నియాలో చాట్స్‌వర్త్ అనే చోట ఒక డ్రైవరు ఫోనులో మెసేజీలు పంపుతూ ఎర్ర సిగ్నలు దాటేశాడు. ఎదురుగా గూడ్సు. 25 మంది పోయారు. నా ఇంట్లో ఎవరూ పోలేదు, కానీ నేను దాటేసిన సిగ్నలు నాకు తెలుసు.

ఇక మానాలని నేను చేసిన ప్రయత్నాలు చెబుతాను. నవ్వుకోండి, పర్లేదు.

మొదట వాట్సాప్ తీసేశాను. మూడో రోజు మళ్ళీ వేసుకున్నాను. తర్వాత బటన్ల ఫోను కొన్నాను, వెయ్యి చిల్లర పెట్టి. అదీ సాగలేదు. కరెంటు బిల్లు, గ్యాసు, బ్యాంకు ఓటీపీ, కూరగాయల బండి అమ్మాయికి ఇచ్చే నలభై రూపాయలు, అన్నీ స్మార్టు ఫోనులోనే. పింఛను వాళ్ళకు బతికి ఉన్నామని చూపించే జీవన్ ప్రమాణ్ కూడా ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి ఇవ్వొచ్చు. రైలు టికెట్టు కూడా అందులోనే. టికెట్టు కౌంటరులో ముప్పై ఏళ్ళు కూర్చున్నవాణ్ణి నేను, అందులోనే కొంటున్నాను! కాబట్టి పారెయ్యండి అని నేను చెప్పను. పారెయ్యమని చెప్పేవాళ్ళు ఎవరో వాళ్ళ బిల్లులు ఇంకొకరు కడుతున్నారని అర్థం.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. నాకు తెలుగు చదవడం తరగతిలో వచ్చింది, కానీ నిలిచింది ఫోను వల్లే. మన ఊళ్ళో తెలుగు పేపరు దొరకదు, పుస్తకాల అంగడి లేదు. మీరు రాసేవన్నీ చదివి చదివి నా కన్ను తెలుగు అక్షరానికి అలవాటు పడింది. ఫోను లేకపోతే ఈ పోస్టు లేదు. దాన్ని తిట్టి చెయ్యి కడుక్కోలేను.

చివరికి పనికొచ్చింది చాలా చిన్న విషయం. ఫోనుకు ఒక చోటు పెట్టాను. వెనకటికి ఇంట్లో ల్యాండ్‌లైను ఎక్కడ ఉండేది? వాకిలి దగ్గర చిన్న బల్ల మీద. మోగితే లేచి పోయి నిలబడి మాట్లాడేవాళ్ళం. అదే చోట అరకు ఛార్జరు వైరు కట్టేశాను. ఇంట్లో ఉన్నంతసేపు ఫోను అక్కడే. చూడాలంటే నిలబడి చూడాలి. నా వయసులో మోకాళ్ళు పది నిమిషాలకు మించి నిలబడనివ్వవు. నా మనసు కంటే నా మోకాళ్ళు గట్టివి అని అప్పుడే తెలిసింది.

దానితో పాటు ఒక అలారం గడియారం కొన్నాను, రిటైరైన రోజు తోటి వాళ్ళు ఇచ్చిన చేతి గడియారం బీరువాలోంచి తీసి పెట్టుకున్నాను. ఇది చిన్నదని అనుకోకండి. నేను ఫోను తెరిచే 112 సార్లలో చాలా వరకు టైము చూడడానికే. టైము చూసి మూసేవాణ్ణి కాదు. టైము చూడడానికి తెరిచి నలభై నిమిషాలు పోగొట్టి, మళ్ళీ టైము ఎంత అయిందో తెలియక ఇంకోసారి తెరిచిన రోజులున్నాయి. పడక గదిలోకి ఫోను రాదు. మోగేది ఫోను కాల్ ఒక్కటే, మిగతా చప్పుళ్ళన్నీ ఆపేశాను.

మొదటి వారం బాగా జరిగిందని అబద్ధం చెప్పను. చేతులకు ఏం చెయ్యాలో తెలియలేదు. చొక్కా జేబు తడుముకుంటూ ఉండేవాణ్ణి. ఫోను లేదు కాబట్టి ఇంట్లో జరిగేవన్నీ కనపడ్డం మొదలైంది. పప్పులో ఉప్పు ఎప్పుడు వెయ్యాలి, పనమ్మాయి మూల ఎందుకు ఊడవలేదు అని మాట్లాడడం మొదలుపెట్టాను. మూడో రోజు మా ఆవిడ, “మీరు ఫోను చూసుకుంటేనే ఇల్లు నెమ్మదిగా ఉండింది” అంది. చిక్కుడుకాయలు ముందు పెట్టి వలవమంది. అప్పటినుంచి సాయంత్రం కూర తరిగేది నేనే. ముప్పై ఎనిమిదేళ్ళ పెళ్ళిలో మేము ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఏ పనీ ఇంతసేపు చెయ్యలేదు. ఏం మాట్లాడుకుంటాం అంటే పెద్దగా ఏమీ లేదు. ఆమె అమ్మగారింటి సంగతులు. కొన్ని ఇదివరకే చెప్పాను అంటుంది. నేను వినడం మాత్రం ఇప్పుడే.

మనవరాలు శని ఆదివారాలు మా దగ్గరే. దాని అమ్మానాన్నలతో మాట్లాడి సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు ఎవరికీ తెర లేదు, నాతో సహా, అని పెట్టాం. మొదటి శనివారం ఏడ్చింది. రెండో శనివారం బోరు బోరు అని ఇల్లంతా తిరిగింది. మూడోసారి నేను అటక మీద వెతికి అక్క పెళ్ళికి ముందు ఆడుకున్న వామనగుంతల పీట తీశాను. మన తమిళ ఇరుగుపొరుగు పల్లాంకుళి అంటారు. చింతగింజలు వేసి ఆడడం నేర్పాను. గింజలు లెక్కపెట్టమంటే ఆ పిల్ల ఇరవై వరకు తెలుగులో వచ్చింది, ఆ తర్వాత ఇంగ్లీషులోకి దిగిపోయింది. ఇరవై ఒకటి, ఇరవై రెండు అని దానికి ఎవరూ చెప్పలేదు. ఎవరు చెప్తారు? మన గుంపులో ‘తెలుగు వర్ధిల్లాలి’ అని వంద మెసేజీలు పెట్టిన తాత ఉన్నాడు కదా, ఆయన చెప్పాలి.

ఇక్కడే నాకు మన సంఘంతో పేచీ. మనం 2006లో తమిళం నేర్పే చట్టం వచ్చినప్పటి నుంచి, బడిలో మన పిల్లలకు తెలుగు పోతోందని మొర పెట్టుకుంటున్నాం. అది న్యాయమైన మొరే, నేనూ సంతకాలు పెట్టాను. కానీ బడి ఇవ్వకపోయినా తెలుగు బతికిన చోటు ఒకటి ఉండేది. నేను బడిలో ఒక్క తెలుగు అక్షరం నేర్వలేదు. అయినా నాకు తెలుగు వచ్చింది. ఎక్కడ వచ్చింది? మాపటేళ అరుగు మీద, అన్నం తినేటప్పుడు, కరెంటు పోయినప్పుడు. చందమామను చూపించి బువ్వ పెట్టిన నాలుక మీద వచ్చింది. ఇప్పుడు ఫోను చూపించి పెడుతున్నాం. ఫోను తెలుగు మాట్లాడినా సరే, పిల్ల తిరిగి మాట్లాడితే అది వినదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, ఏడాది లోపు బిడ్డకు తెర అసలే వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంట మించొద్దు, ఇంకా తక్కువైతే మేలు అని. ప్రభుత్వం మన నుంచి తీసుకున్నది బడి గంట. సాయంత్రం గంటను మనమే ఇచ్చేశాం, ఏ చట్టమూ లేకుండా.

నేను ఈ మాట కమిటీలో అన్నప్పుడు మూడు రకాల జవాబులు వచ్చాయి.

ఒక యువకుడు, “ఫోను ఎక్కువ చూసేది మీ తరమే అంకుల్, మేం కాదు. పొద్దున అయిదింటికి పూల బొమ్మతో గుడ్ మార్నింగ్ పెట్టేది ఎవరు?” అన్నాడు. నిజమే. ఒక రోజు పని లేక లెక్కపెట్టాను. పొద్దున అయిదు నుంచి ఎనిమిది వరకు మన గుంపులో 93 మెసేజీలు. 71 శుభోదయాలు. అందులో పనికొచ్చేవి రెండే. ఒకటి ఆదివారం తరగతి టైము మార్పు. రెండోది ఒక ఇంటికి ఓ నెగటివ్ రక్తం కావాలని. ఆ రక్తం మెసేజీ పూల కింద మూడు గంటలు పడి ఉంది, ఎవరూ చూడలేదు. చివరికి ఆ ఇంటివాళ్ళు ఫోను చేస్తేనే మనిషి దొరికాడు. ఈ ఒక్క సంగతి చాలదా?

ఇంకో అన్న, “పిల్లల్ని చెడగొట్టేది తల్లిదండ్రులు, వాళ్ళకు చెప్పండి” అన్నారు. నేను ఒప్పుకోను. పిల్లలు మన మాట వినరు, మనల్ని చూస్తారు. అంతే.

మూడో మాట ఒక అక్కయ్యది, దానికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఆమె ఒంటరిగా ఉంటారు. కొడుకు అమెరికాలో, కూతురు పుణెలో. “నాకు రాత్రి ఎనిమిదింటికి మనవడి ముఖం కనిపించేది అందులోనే నాయనా. నువ్వు ఆపమంటే నేను గోడతో మాట్లాడాలా?” అన్నారు. రెండు రోజులు ఆలోచించాను. అమ్మా, అది ఆపమని నేను అనడం లేదు. మనిషితో మాట్లాడడం వేరే, మనిషి లేని దాన్ని తోస్తూ కూర్చోవడం వేరే. వీడియో కాలులో మీ మనవడు మీకు జవాబు చెబుతాడు, మీరు వాడికి చెబుతారు. అది అరుగు మీద మాటే, అరుగు కొంచెం పొడుగైంది. కానీ ఆ కాలు అయిన తర్వాత పదకొండు వరకు మీరు చూసేవాటిలో మీకు జవాబు చెప్పేది ఏముంది? ఆ గంటల్లో మనలో ఒకరు మీ ఇంటికి రావాలి. అది సంఘం చెయ్యాల్సిన పని, ఇన్నాళ్ళు చెయ్యలేదు. మీరు అడిగిన తర్వాతే నాకు తట్టింది.

ఒకరిద్దరి వల్ల కాదు, నలుగురు కలిసి చేస్తేనే అవుతుంది అనడానికి ఒక ఊరు ఉంది. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా, మోహిత్యాంచే వడ్గావ్. 2022లో ఆ ఊరివాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. సాయంత్రం ఏడింటికి గుడి మీది సైరను మోగుతుంది. టీవీలు, ఫోన్లు ఆపేస్తారు. పిల్లలు చదువుకుంటారు, పెద్దలు మాట్లాడుకుంటారు. ఎనిమిదిన్నరకు మళ్ళీ సైరను. కరోనా కాలంలో ఆన్‌లైను క్లాసుల పేరుతో పిల్లల చేతికి వచ్చిన ఫోను బడి తెరిచాక కూడా పోలేదని చూసి ఇలా చేశారు. మా ఇంట్లో ఏడు నుంచి ఎనిమిదిన్నర అన్నది నేను వాళ్ళ దగ్గర తీసుకున్నదే. వ్యవహారం చేయి దాటిపోయిన పిల్లలుంటే, ఇది సిగ్గుపడే విషయం కాదు, బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి దీనికోసమే ‘షట్’ అనే క్లినిక్ ఉంది. హోసూరు, బెంగళూరు సభ్యులు గుర్తుంచుకోండి.

మనకు సైరను లేదు, ఊరంతా మనది కాదు. మన చేతిలో ఉన్నది గుంపు. గుంపులో అడ్మిన్లు మాత్రమే మెసేజీ పెట్టేలా ఒక ఏర్పాటు ఉంది, అది నొక్కితే చాలు. నా ప్రతిపాదన, రోజూ సాయంత్రం ఏడింటికి గుంపు మూసి, మర్నాడు పొద్దున ఆరున్నరకు తెరవడం. కౌంటరుకు షటరు ఉన్నట్టు. షటరు వేస్తే జనం మొదట తట్టేవాళ్ళు, తిట్టేవాళ్ళు. తర్వాత ఏ టైముకు తెరుస్తారో తెలుసుకుని ఆ టైముకు వచ్చేవాళ్ళు. చావు కబురు, రక్తం, ఆసుపత్రి లాంటివి మెసేజీ కాదు, ఫోనే చెయ్యాలి. దానికి ముగ్గురు సభ్యులు పేర్లు ఇచ్చారు, నాలుగో పేరు నాది. శుభోదయం పూలు పూర్తిగా మానేద్దాం. నాకు రోజూ పువ్వు పంపే పెద్దలారా, నెలకు ఒకసారి ఫోను చేసి బాగున్నావా అని అడగండి, నాకు అదే పువ్వు.

ఆదివారం తరగతికి వచ్చేటప్పుడు ఫోన్లు గుమ్మం దగ్గర గంపలో వెయ్యాలి. పిల్లలవి మాత్రమే కాదు, వెనక కుర్చీల్లో కూర్చునే అమ్మలవి, తాతలవి కూడా. గంప నేను తెస్తాను. ఉగాదికి పిల్లలు పద్యం చెప్పేటప్పుడు ఒక్కరు వీడియో తీస్తే చాలు, అందరికీ పంపుదాం. పోయిన ఉగాదికి ఒక పాప వేదిక మీద నిలబడి చెప్పింది, ఎదురుగా ఆమెకు ఒక్క ముఖం కూడా కనిపించలేదు, అన్నీ ఫోన్ల వీపులే. మధ్యలో మరిచిపోయింది. అందించేవాళ్ళు లేరు, అందరూ తియ్యడంలో ఉన్నారు. నేనూ తీస్తున్నాను.

కమిటీ దీన్ని వచ్చే నెల సమావేశంలో పెడతామంది. నేను ఆగలేక అడ్మిన్లను బతిమాలి ఈ రోజు నుంచి ఒక్క నెల ప్రయత్నంగా ఒప్పించాను. నచ్చకపోతే నన్ను తిట్టండి, ఏడు లోపల.

అక్క సంగతి చెప్పి ఆపేస్తాను. పక్షం రోజులకు ఒకసారి ఆదివారం తరగతి అయ్యాక తిరుపత్తూరు పోతున్నాను. ఫోను సంచిలో అడుగున. నోటుబుక్కు, పెన్సిలు పైన. ఆంధ్రలో ‘పాడు’ అని ముగిసే ఊళ్ళ పేర్లు రాసుకుని పోయి ఆమె మంచం పక్కన కూర్చుని ఒక్కొక్కటి చదువుతాను. ప్రత్తిపాడు. తల అడ్డంగా ఊపుతుంది. ఉప్పలపాడు. కాదు. వరికుంటపాడు. కాదు. ఇరవై ముప్పై చదివేసరికి ఆమెకు అలుపు వస్తుంది, ఎడమ చేత్తో నా నోటుబుక్కు మూసేస్తుంది. ఇప్పటికి 140 పేర్లు అయ్యాయి. పోయిన సారి కాఫీ ఇస్తే గ్లాసు పట్టుకుని “చే…” అంది. చేదు అనబోయిందా, చేద అనబోయిందా తెలియలేదు. నేను తొందరపడి మాట అందించలేదు. చాలాసేపు చూశాను. ఆమె నవ్వేసింది.

మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఉంటే, వాళ్ళకు తెలిసిన ‘పాడు’ ఊళ్ళు, ముఖ్యంగా మన వాళ్ళ ఇంటి దేవుళ్ళ గుళ్ళు ఉన్న ఊళ్ళు ఏవైనా ఉంటే అడిగి చెప్పండి. గుంపులో పెట్టొద్దు, పూల కింద పోతుంది. ఫోను చెయ్యండి. మోగితే లేచి వచ్చి నిలబడి మాట్లాడతాను.